ఐదుగురు మోసుకెళ్ళిన ఇంజను నంబరు

ఈతలంకలో ఎవరికైనా తెలివి కావాలంటే గుమ్మళ్ళవారింటికి వెళ్ళాలి. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, గుమ్మళ్ళవారే అనుకున్నది. అనుకోవడానికి ఖర్చేముంది? రోజుకు రెండుసార్లు, భోజనం ముందొకసారి, భోజనం తర్వాత ఒకసారి అనుకునేవారు.

ఆ ఇంటి పెద్ద అచ్చియ్య. వయసు యాభై దాటింది. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివి, అందులో సొంత ఆలోచన కలిపితే పాలల్లో నీళ్ళు కలిపినట్టేనని ఆయన సిద్ధాంతం. రోజూ పొద్దున్నే బెండమొక్కలకు నీళ్ళు పొయ్యమని తండ్రి చెప్పిపోయాడు. అంతే, తుఫాను వచ్చినా సరే, గొడుగు వేసుకుని వెళ్ళి ఆ వానలోనే రెండు బిందెలు పోసి వచ్చేవాడు. ఆయన భార్య వరహాలు కూడా తక్కువది కాదు. చారులో ఉప్పు చూసి వెయ్యమని అత్తగారు ఎప్పుడో చెప్పినందుకు, ఉప్పుజాడీ మూత తీసి కాసేపు తేరిపార చూసి అప్పుడు వేసేది. తమ్ముళ్ళిద్దరిలో ధర్మన్న అన్న గీసిన గీటు దాటడు, బుల్లబ్బాయి ధర్మన్న దాటని గీటు దాటడు. ముగ్గురికీ మేనత్త నూకాలమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి. ఏ రోజు ఏ పని చెయ్యాలో, ఏది చెయ్యకూడదో ఆవిడకి కంఠతా వచ్చు. ఎందుకో మాత్రం రాదు.

వాళ్ళింట్లో తెలివి తర్వాత అంత విలువైన వస్తువు ఇంకొకటి ఉంది. తండ్రి పేర్రాజుగారి కారు. తెల్లగా, బొద్దుగా, ముప్పై ఏళ్ళ నాటిది. పేర్రాజుగారు పోయి ఆరేళ్ళైంది. ఆయన బతికున్నన్నాళ్ళూ కూతురి కూతురు కుసుమని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, స్టీరింగు మీద ఆ పిల్ల చేతులు పెట్టి, కాలవగట్టు మీద తిప్పేవాడు.

ఆ కుసుమకి ఇప్పుడు పెళ్ళి కుదిరింది. పెళ్ళి వచ్చే గురువారం పొద్దున పది గంటలకి, ఊరి చివర సత్రంలో. కుసుమ మేనమామ దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది.

"పెద్ద మావయ్యా, పందిట్లో నన్ను బుట్టలో మోసుకొచ్చేది ఎలాగూ నువ్వే. సత్రం దాకా మాత్రం తాతయ్య కార్లో తీసుకెళ్ళవా? నాకింకేం పెట్టొద్దు."

అచ్చియ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నీకు కాకపోతే ఎవరికమ్మా ఆ కారు!" అన్నాడు. అని, వెళ్ళి తాళం తిప్పాడు. కారు ఒకసారి దగ్గింది, రెండుసార్లు మూలిగింది, ముందు నుంచి తెల్లటి ఆవిరి వదిలి ఊరుకుంది.

కుసుమ తల్లి మంగకి తన అన్నల సంగతి బాగా తెలుసు. అందుకే ముందే చెప్పేసింది. "అన్నయ్యా, మగపెళ్ళివారు కొత్తకారు పంపిస్తామన్నారు. నేనింకా ఏ మాటా చెప్పలేదు. బుధవారం సాయంత్రానికి నాన్న కారు కదిలిందా సరే. కదల్లేదా, ఆళ్ళ కారే రమ్మంటాను. పిల్ల ఏడిస్తే మాత్రం నీ ఇంటికే పంపిస్తాను."

అంతే. అచ్చియ్య ఆ రోజే, పెళ్ళికి సరిగ్గా వారం ముందు గురువారం, బస్సెక్కి రాజమండ్రిలో జిలానీ షెడ్డుకి వెళ్ళాడు. పాత కార్ల నాడి పట్టడంలో జిలానీ పెద్ద పేరున్న మేస్త్రి. కాని ఆయనకి కాలు విరిగి కట్టు ఉంది. కుర్చీలో కూర్చుని, కాలు బల్ల మీద పెట్టుకుని, ఉన్న చోటు నుంచే పని చెప్తున్నాడు. అచ్చియ్య చెప్పిందంతా విని తల ఊపాడు.

"గాస్కెట్ పోయిందండి. ఇంజను దిమ్మకీ పైమూతకీ మధ్యన రేకు ఉంటాది, అదన్నమాట. కొత్తది ఏసేస్తే గుర్రంలా పరిగెడతాది. అయితే ఒక చిక్కుందండి. ఆ కార్లకి మూడు రకాల ఇంజన్లు పెట్టారు. పైకి మూడూ ఒకలాగే ఉంటాయి. ఒకదాని రేకు ఇంకోదానికి పట్టదు. మీదే రకమో నాకు తెలియాలి."

"తెల్లదండి," అన్నాడు అచ్చియ్య.

"కారు రంగు కాదండీ బాబూ! ఇంజను దిమ్మ మీద అంకెలుంటాయి. రెండు చోట్ల ఉంటాయి. పైన చదునుగా ఉన్న చోట గుంటలు పడేలా కొట్టిన అంకెలు ఒకటి, పక్కన కిందికి పోతపోసినప్పుడే వచ్చిన ఉబ్బెత్తు అంకెలు ఒకటి. గుంటలవి ఆ ఒక్క ఇంజనువే, అంటే మనిషికి పేరున్నట్టు. ఉబ్బెత్తువి ఆ రకానివి, అంటే ఇంటిపేరున్నట్టు. నాకు ఇంటిపేరు కావాలండి."

"దాని ఇంటిపేరు వేరే ఏముంటుందండీ, మాదే. గుమ్మళ్ళ."

జిలానీ ఒక నిమిషం పాటు తన కాలి కట్టు వంక చూసుకున్నాడు. తర్వాత ఓపిక తెచ్చుకుని, పసిపిల్లలకి అన్నం కలిపి పెట్టినట్టు చెప్పాడు. "మీరేం ఆలోచించకండి. నేను చెప్పినట్టు చెయ్యండి. ముప్పై ఏళ్ళ మురికి పట్టి ఉంటాది, దానికి ముందు శుభ్రంగా స్నానం చేయించండి. తర్వాత సుద్దముక్కతో రుద్దితే ఉబ్బెత్తు అంకెలు తెల్లగా తేల్తాయి. ఎక్కడంటే, మీరు డ్రైవరు సీట్లో కూర్చుంటే ఎడం చేతివైపు. ఐదంకెలుంటాయి. ఒక్కో అంకెనీ ఒక్కో మనిషిని చూసుకున్నట్టు జాగ్రత్తగా చూసుకోండి. ఒక్కటి తప్పినా వేరే ఇంజనైపోద్ది."

"చెప్పినట్టు చెయ్యడంలో ఈతలంకలో మా తర్వాతేనండి," అని ఛాతీ విరుచుకుని వచ్చేశాడు అచ్చియ్య.

ఇంటికి రాగానే అందరినీ పోగేశాడు. "రేపు ఇంజనుకి స్నానం," అన్నాడు.

నూకాలత్త చేట కింద పెట్టింది. "రేపు శుక్రవారం. ఆడాళ్ళ తలంటు. ఇంజను ఆడా మగా?"

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ కారు చుట్టూ చేరారు. వరహాలు ఆడదే అంది, మూలుగుతూ కూడా పని చేస్తుంది కాబట్టి. ధర్మన్న మగదే అన్నాడు, పొగ తాగుతుంది కాబట్టి. బుల్లబ్బాయి వంగి కిందికి చూశాడు, తేలలేదు. చివరికి అచ్చియ్య తీర్పు చెప్పాడు. నాన్న కారు కాబట్టి మగది. మగాళ్ళ తలంటు శనివారం. శుక్రవారమంతా కారు పక్కన కూర్చుని శనివారం కోసం ఎదురుచూశారు.

శనివారం తెల్లవారుతూనే బానెట్ ఎత్తి మొదలుపెట్టారు. అత్త ఆముదం పెట్టి మర్దనా చేసింది. వరహాలు సున్నిపిండి నలిచింది. ధర్మన్న కుంకుడుకాయ రసం పోశాడు. బుల్లబ్బాయి వేడినీళ్ళు తోడి ఇస్తూ, కళ్ళలో పడకుండా రెండు దీపాలకీ తుండుగుడ్డలు కట్టాడు. ఎంత రుద్దినా వదలని మురికిని అచ్చియ్య కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు, ఆ ఒక్క మంచి పనీ ఎలాగో పొరపాటున జరిగిపోయింది. తలంటు అయ్యాక తడి ఆరాలని సాంబ్రాణి పొగ వేశారు. పొగ చూసి పక్కింటివాళ్ళు కారు అంటుకుందని బిందెలతో పరిగెత్తుకొచ్చి ఇంకో ఆరు బిందెల నీళ్ళు పోశారు. దాంతో ఆదివారం మధ్యాహ్నం దాకా ఎండబెట్టాల్సి వచ్చింది.

ఆదివారం ఎండ తగ్గాక సుద్దముక్క తీశారు.

"ఎడం చేతివైపు అన్నాడు," అంటూ ధర్మన్న కారుకి ఎదురుగా నిలబడి తన ఎడమ పక్కకి వెళ్ళాడు.

"ఆగరా!" అని అరిచాడు అచ్చియ్య. "సరిగ్గా వినాలి మాట. 'మీరు డ్రైవరు సీట్లో కూర్చుంటే ఎడం చేతివైపు' అన్నాడు జిలానీ. నేను కూర్చోనిదే ఎడం ఎక్కడిది?"

అని వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. అమ్మయ్య, ఎడమ పక్క ఏర్పడింది. తమ్ముళ్ళు ఆ పక్కన దూరి సుద్ద రుద్దడం మొదలుపెట్టారు. కాసేపటికి అచ్చియ్యకి దాహం వేసింది. లేవబోయాడు.

"లేవకన్నయ్యా!" అని ఇద్దరూ కేకపెట్టారు. "నువ్వు లేస్తే ఎడమ పోతుంది! ఇంతసేపు రుద్దిందంతా ఏ పక్క అవుతుందో ఏమో!"

నిజమే కదా అనిపించింది అచ్చియ్యకి. అంతే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. మంచినీళ్ళు సీట్లోకే వచ్చాయి. పకోడీలు కూడా వచ్చాయి. నడుం పట్టేసింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా కుసుమ మొహం తలుచుకుని పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఆయన మంచితనానికి ఏమాత్రం వంక పెట్టడానికి లేదు, పెట్టాల్సింది మిగతా వాటికి.

చీకటి పడేలోగా బుల్లబ్బాయి గావుకేక పెట్టాడు. "తేలాయన్నయ్యా! ఐదూ తేలాయి! రెండు, తొమ్మిది, నాలుగు, సున్నా, ఆరు!"

"ఒక్కో అంకెకీ ఒక్కో మనిషి అన్నాడు జిలానీ," అన్నాడు అచ్చియ్య సీట్లోంచే. "ఐదంకెలు, ఐదుగురం. దేవుడు లెక్క కట్టి పుట్టించాడు మనల్ని."

పెద్దవాడు కాబట్టి మొదటి అంకె రెండు అచ్చియ్య తీసుకున్నాడు. తొమ్మిది వరహాలుకి. నాలుగు ధర్మన్నకి. ఆరు బుల్లబ్బాయికి. మిగిలింది సున్నా. నూకాలత్త మూతి ముడిచింది.

"ఇంటికి పెద్దదాన్ని. మీ ముక్కులు తుడిచి పెంచాను. నా వాటాకి సున్నానా?"

"అలా అనకత్తా, సున్నా అన్నిటికన్నా తేలిక. నీ వయసులో బరువెక్కడ మోస్తావని," అని సర్దిచెప్పింది వరహాలు. ఆ మాటకి అత్త కొంచెం మెత్తబడింది.

సోమవారం పొద్దున్నే ఐదుగురూ వరసగా బయల్దేరారు. ముందు రెండు, వెనక తొమ్మిది, దాని వెనక నాలుగు, తర్వాత సున్నా, చివర ఆరు. ఎవరి అంకె వాళ్ళు గొణుక్కుంటూ నడుస్తున్నారు. దారిలో ఎవరు పలకరించినా అంకె తప్ప ఇంకో మాట లేదు. "ఎక్కడికే వరహాలూ?" అంటే "తొమ్మిది." "పెళ్ళి పనులు ఎంతవరకొచ్చాయి ధర్మన్నా?" అంటే "నాలుగు."

బస్సొచ్చింది. కండక్టరు టిక్కెట్లు కొడుతూ నూకాలత్త దగ్గరికి వచ్చాడు.

"నేను సున్నాని బాబూ. నాకు టిక్కెట్టు లేదు," అంది అత్త.

"సున్నా ఏంటి మామ్మా?"

"అడుగో, మావాణ్ణి అడుగు. ఆడు రెండు. ఆడి పెళ్ళాం తొమ్మిది. ఆళ్ళ దగ్గర తీసుకో."

"రెండు," అన్నాడు అచ్చియ్య కండక్టరు అడక్కముందే. కండక్టరు రెండు టిక్కెట్లు కొట్టాడు. "తొమ్మిది," అంది వరహాలు. కండక్టరు బస్సంతా ఒకసారి లెక్కపెట్టి చూసుకున్నాడు. వీళ్ళతో పెట్టుకుంటే రాజమండ్రి దాటిపోయేలా ఉందని ఐదు టిక్కెట్లు చింపి చేతిలో పెట్టి, ఆడవాళ్ళని ముందు సీట్లలోకి, మగవాళ్ళని వెనక్కి పంపాడు.

అక్కడే కొంప మునిగింది. దిగేటప్పుడు ముందు తలుపు నుంచి వరహాలు, అత్త దిగారు. వెనకాల అచ్చియ్య, ధర్మన్న, బుల్లబ్బాయి దిగారు. ఎలా దిగారో అలాగే షెడ్డు దాకా నడిచారు, అలాగే జిలానీ ముందు నిలబడ్డారు.

"నంబరు తెచ్చామండి," అన్నాడు అచ్చియ్య. "చెప్పండర్రా!"

"తొమ్మిది!" "సున్నా!" "రెండు!" "నాలుగు!" "ఆరు!"

జిలానీ వాళ్ళని వింతగా చూసి, నూనె మరకల పాత పుస్తకం తెరిచాడు. వేలు పెట్టి వెతికాడు. ఒకచోట వేలు ఆగింది. మొహం మారింది.

"అచ్చియ్య గారూ, తొంభై వేల రెండొందల నలభై ఆరు కారు ఇంజను కాదండి. కాలవలోంచి పొలానికి నీళ్ళు తోడే ఇంజను."

ఇంకేముంది! నూకాలత్త అక్కడే నేల మీద చతికిలబడి శోకం అందుకుంది. "అయ్యో అన్నయ్యా! బతికున్నన్నాళ్ళూ నీళ్ళింజను మీద తిరిగావా! ఎవరు మోసం చేశారురా నిన్ను!"

"అందుకేనేమో నాన్న ఎప్పుడూ కాలవగట్టునే తిప్పేవాడు," అన్నాడు బుల్లబ్బాయి. ధర్మన్నకి ఆ మాట చాలా లోతుగా తోచింది.

అచ్చియ్యకి మాత్రం పెళ్ళి కళ్ళముందు మెదిలింది. నాన్న కారు కారే కాదని కుసుమకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నీళ్ళింజనులో పెళ్ళికూతురిని ఎలా ఎక్కించాలి? తుండుగుడ్డతో మొహం కప్పుకున్నాడు.

జిలానీకి జాలేసింది. "ఏడవకండి బాబూ. మీరే ఎక్కడో తప్పు చదివుంటారు. ఇక మీ నోటిమాట నమ్మను. నా కళ్ళతో చూడాలి. ఇదిగో కాగితం, ఇదిగో పెన్సిలు. అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే అచ్చు దిగుద్ది. ఎలాగైతేనేం, రేపీపాటికి ఆ నంబరు నా బల్ల మీదుండాలి. ఎల్లుండి గాస్కెట్ ఇచ్చి మా మనిషిని పంపుతాను."

ఇంటికి వచ్చి కాగితం అంకెల మీద పెట్టబోతుంటే వరహాలు అడ్డుపడింది.

"ఏమండీ, అచ్చంటే నకలే కదా?"

"నకలే."

"అసలు మన దగ్గరుండగా నకలు పట్టుకెళ్తారా? గుమ్మళ్ళవారు నకలిచ్చారని రేపు రాజమండ్రిలో చెప్పుకుంటే?"

ఇంత మాట తమకెందుకు తట్టలేదని ముగ్గురన్నదమ్ములూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పైగా జిలానీ ఏమన్నాడు? ఆ నంబరు బల్ల మీదుండాలన్నాడు. కాగితం బల్ల మీదుంటే నంబరు బల్ల మీదున్నట్టా?

అంతే. వడ్రంగి దగ్గర ఉలి, కంసాలి దగ్గర సుత్తి అరువు తెచ్చారు. మంగళవారం పొద్దున్నుంచీ ఒకటే టంగు టంగు. గోడ మీంచి పిడకలు ఊడదీసినట్టు, ఉబ్బెత్తు అంకెలన్నీ ఒక్కొక్కటే చెక్కి ఊడదీశారు. ఎవరి అంకెను వాళ్ళే పట్టుకున్నారు, చెయ్యి మారితే దోషమని. అన్నీ కలిపి పసుపుగుడ్డలో మూటగట్టి, మధ్యాహ్నానికి జిలానీ బల్ల మీద గుమ్మరించారు.

ఐదు ఇనపముక్కలు. జిలానీ వాటిని చూశాడు. వాళ్ళని చూశాడు. మళ్ళీ వాటిని చూశాడు.

"ఏంటండి ఇవి?"

"నంబరండి," అన్నాడు అచ్చియ్య సగర్వంగా. "అసలు నంబరే. నకలు కాదు."

ముప్పై ఏళ్ళ మేస్త్రిపనిలో జిలానీ ఎన్నో చూశాడు. ఇంజనులో పిల్లి పిల్లల్ని పెట్టడం చూశాడు, పెట్రోలు బదులు కల్లు పోసినవాణ్ణి చూశాడు. నంబరు కోసుకొచ్చినవాళ్ళని మాత్రం ఇప్పుడే చూడటం. నవ్వు ఆపుకోలేక కాలు ఎగరేశాడు, కట్టు నొప్పెట్టి 'యా అల్లా' అన్నాడు.

ఈలోగా వరహాలుకీ బుల్లబ్బాయికీ గొడవ మొదలైంది. మూటలో కలిసిపోయాక తొమ్మిదేదో ఆరేదో తెలియడం లేదు. తిప్పితే తొమ్మిది, బోర్లిస్తే ఆరు. "ఇది నాదొదినా!" "ఏం కాదు, నా చేత్తో మోశాను, నాకు తెలీదా!"

"ఏదేదైనా ఒకటే తల్లీ, రెండూ ఉన్నాయి కదా," అని జిలానీ కళ్ళు తుడుచుకుంటూ పుస్తకం ముందుకి లాగాడు. ఈ కారుకి ఉన్న మూడు నంబర్లూ చూశాడు. బల్ల మీద ముక్కల్ని అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఈ ఐదంకెలూ ఉన్న నంబరు ఆ మూడింట్లో ఒక్కటే. రెండు, తొమ్మిది, నాలుగు, సున్నా, ఆరు.

"దొరికింది! రెండో రకం ఇంజను. కారు ఇంజనేనండి, అసలు సిసలు కారు ఇంజను!"

అచ్చియ్య జిలానీ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నూకాలత్త పైకి చూసి, "అన్నయ్యా, నువ్వు నీళ్ళింజను మీద తిరగలేదంట!" అని పేర్రాజుగారికి కబురందించింది.

బయల్దేరేముందు జిలానీ మరీ మరీ చెప్పాడు. "ఇది మాత్రం బాగా వినండి. కొత్త గాస్కెట్ పడ్డాక రెండు రోజులు బండి మీద బరువు పెట్టకండి. ఉన్న బరువులు కూడా తీసెయ్యండి. మనిషి నడిచినంత నెమ్మదిగా పోనివ్వండి. మీ మేనగోడలు పెళ్ళికి నేనూ వస్తాను, కర్ర పట్టుకునైనా."

బుధవారం జిలానీ మనిషి వచ్చాడు, రేకు వేశాడు, బిగించాడు. తాళం తిప్పాడు. ఆరేళ్ళ క్రితం పేర్రాజుగారు తిప్పినప్పుడు ఎలా పలికిందో అలా పలికింది ఇంజను. అచ్చియ్య బానెట్ మీద చెయ్యి పెట్టి ఆ అదురు తగలగానే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మంగ వచ్చి చూసింది. తన అన్నలు ఒక పని సరిగ్గా చెయ్యడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. "సరే, మగపెళ్ళివారి కారు వద్దని చెప్పేస్తాను," అంది. కుసుమ మావయ్య మెడకి చుట్టుకుపోయింది.

జిలానీ మనిషి సామాను సర్దుకుని వెళ్ళబోతుంటే నూకాలత్త ఆపింది. "నాయనా, ఈ బండిలో బరువైందేది?"

"ఇంకేముంటాది మామ్మా, ఇంజనే," అని ఆ మహానుభావుడు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది!

గురువారం తెల్లవారేసరికి అన్నదమ్ములు ముగ్గురూ కారు దగ్గరున్నారు. "ఉన్న బరువులు తీసెయ్యమన్నాడు," అన్నాడు అచ్చియ్య. స్టెప్నీ చక్రం తీశారు. జాకీ తీశారు. డిక్కీలో పేర్రాజుగారి గొడుగు తీశారు. తర్వాత, పక్కింటివాళ్ళని నలుగురిని పిలిచి, మోకులు కట్టి, అన్నిటికన్నా బరువైంది కూడా తీసేశారు. విప్పడంలో ఆ ఇంట్లో అందరూ అందెవేసిన చెయ్యే, మరలు ఊడదీయడానికి ఎంతోసేపు పట్టలేదు.

అంత ఘనమైన ఇంజనుని నేల మీద వదిలేస్తారా? దాన్ని ఎడ్లబండి ఎక్కించి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. ముందు మేళం, మేళం వెనక ఎడ్లబండి మీద ఇంజను, దాని వెనక తెల్లగా మెరుస్తున్న కారు. కార్లో కుసుమ.

మంగ వీధిలోకి వచ్చి ఆ ఊరేగింపు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కుసుమ ముందు బండి మీదున్న ఇంజనుని చూసింది, వెనక తిరిగి చూసింది. కొత్త పంచెలు ఎగ్గట్టి, చెమటలు కక్కుతూ కారుని నెడుతున్న ముగ్గురు మావయ్యల్నీ, ముందు సీట్లో స్టీరింగు పట్టుకుని దారి చెబుతున్న వరహాలత్తయ్యనీ, పక్క సీట్లో దిష్టి తీస్తున్న నూకాలమ్మ మామ్మనీ చూసింది. కాటుక చెరిగేదాకా నవ్వింది. ఆ పిల్లకి అంత సంతోషం ఏ కొత్తకారూ ఇచ్చేది కాదు.

"ఆపకు మావయ్యా, పద!" అంది.

సత్రం దగ్గర జిలానీ కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. ముందుగా ఎడ్లబండి వచ్చింది. దండ వేసుకున్న, తను బాగుచేయించిన ఇంజనుని చూసి ఆయన కర్ర జారిపోయింది.

"అచ్చియ్య గారూ! ఇంజను తియ్యమని ఎవరు చెప్పారండీ?"

"తమరేనండి," అన్నాడు అచ్చియ్య రొప్పుతూ, మొహం నిండా నవ్వుతో. "బరువులన్నీ తీసెయ్యమన్నారు కదా. వీసమెత్తు ఉంచలేదు."

"మరి ఇంజను లేకుండా ఈ కారు ఇంత దూరం ఎలా వచ్చిందండీ?"

అచ్చియ్య తుండుగుడ్డతో చెమట తుడుచుకుని, చెప్పిన మాట చెప్పినట్టు చేసినవాడి దర్జాతో నిటారుగా నిలబడ్డాడు.

"తమరు చెప్పినట్టేనండి. మనిషి నడిచినంత నెమ్మదిగా వచ్చింది."